నీళ్లు లెక్క చేస్తాయా?

ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులను కోనసీమ విద్యార్థులు చాలామంది చూసే ఉంటారు. లాకు తలుపులకు ఒక పక్క నీళ్లు ఎత్తుగా ఉంటాయి, రెండో పక్క పల్లంలో ఉంటాయి. ఈ కాలువల్లో పడవలు నడిచిన రోజుల్లో, పడవను పై మట్టం నించి కింది మట్టానికి దించడానికి రెండు జతల తలుపుల మధ్య ఒక గది కట్టేవారు. పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపులకుండే చిన్న తూములు ఎత్తితే, గదిలో నీళ్లు నెమ్మదిగా దిగి సరిగ్గా కింది కాలువ మట్టానికి వచ్చి ఆగేవి. అప్పుడు తలుపులు తీస్తే పడవ సాఫీగా బయటికి పోయేది.

ఎక్కడ ఆగాలో నీళ్లకు ఎవరు చెప్పారు? కొలబద్ద పట్టుకుని ఎవరూ నిలబడలేదు. రెండు మట్టాలు సమానమయ్యే చోటు ఎక్కడుందో నీళ్లు తమంతట తామే కనుక్కున్నట్టుంది. మరి నీళ్లు లెక్క చేశాయందామా?

నవ్వు రావచ్చు. "వాడెవర్నీ లెక్క చెయ్యడు" అంటూ ఉంటాం. ఆ అర్థంలో అయితే గోదావరి కూడా ఎవర్నీ లెక్క చెయ్యదు. వరద వచ్చిన ప్రతి ఏడూ లంక గ్రామాలవాళ్లు చూస్తూనే ఉన్నారు. మనం అడుగుతున్నది కూడికలూ భాగహారాలూ చేసే లెక్క గురించి. కంప్యూటరు లెక్క చేస్తుందని అందరం ఒప్పుకుంటాం. కంప్యూటరు మాత్రం ఏమిటి? సిలికాను ముక్కలూ, వాటిలో అటూ ఇటూ పోయే విద్యుత్తూ. విద్యుత్తు పోతే లెక్క, నీళ్లు పోతే లెక్క కాదు అనడానికి కారణం ఉండాలి గదా! ఆ కారణం ఉందో లేదో వెతుకుదాం.

రెండు సీసాల యంత్రం

ముందు ఒక యంత్రం తయారు చెయ్యండి. పక్కలు తిన్నగా ఉన్న ఒకే కొలత ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని పైభాగాలు కోసెయ్యండి. అడుగుకు దగ్గరగా ఒక్కొక్క చిల్లు పెట్టి, సన్నని ప్లాస్టిక్ గొట్టంతో రెండింటినీ కలపండి. చిల్లుల చుట్టూ నీరు కారకుండా లక్కో ఎమ్‌సీలో పెట్టండి. గొట్టం నిండా ముందే నీళ్లు పట్టించి, మధ్యలో బట్టలకు పెట్టే క్లిప్పుతో నొక్కి ఉంచండి. రెండు సీసాలకూ సెంటీమీటర్లు గీసిన కాగితం అంటించండి.

ఒక కుర్రాడికి తెలుగులో 70, లెక్కల్లో 30 మార్కులు వచ్చాయి. సగటు ఎంత? ఒక సెంటీమీటరు అంటే 5 మార్కులు అని మనలో మనం ఒప్పందం చేసుకుందాం. అంటే మొదటి సీసాలో 14 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్లు పొయ్యాలి, రెండో సీసాలో 6 సెంటీమీటర్లకు. క్లిప్పు తీసెయ్యండి. కాసేపటికి రెండు సీసాల్లోనూ నీళ్లు 10 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తాయి. పదిని ఐదుతో హెచ్చిస్తే 50. సగటు వచ్చేసింది!

అవే సీసాలను ఇంకో పనికి వాడదాం. ఒక తోటలో 1400 కొబ్బరికాయలు దిగాయి, ఇంకో తోటలో 600. ఈసారి సెంటీమీటరంటే వంద కాయలు. పోసే నీళ్లు అవే, తీసే క్లిప్పు అదే, నిలిచే మట్టం అదే. జవాబు మాత్రం వెయ్యి కాయలు. నీళ్లకు మార్కులూ తెలియవు, కొబ్బరికాయలూ తెలియవు. ప్రశ్న ఏమిటో మనకే తెలుసు.

ఒక సీసా బదులు అడ్డుకోత వైశాల్యం రెండింతలున్న డబ్బా పెడితే ఏమవుతుంది? వెడల్పు డబ్బాలో 14, సీసాలో 6 పోస్తే మట్టం 10 దగ్గర ఆగదు. (14 × 2 + 6) ÷ 3, అంటే సుమారు 11.3 దగ్గర ఆగుతుంది. లాకు గది సంగతీ ఇదే. కింది కాలువ ఎంతో పొడుగూ వెడల్పూ ఉన్న డబ్బా, గది దాని ముందు చిన్న చెంబు. అందుకే సగటు దాదాపు కాలువ మట్టమే అవుతుంది.

సూత్రం ఒకటే అయినప్పుడు, సీసాలు లెక్క చేశాయి, లాకు చెయ్యలేదు అని ఎలా అంటాం? తేడా నీళ్లలో లేదు, నీళ్ల చుట్టూ మనం చేసిన ఏర్పాటులో ఉంది. సీసాల విషయంలో మూడు పనులు జరిగాయి. మార్కులను మట్టాలుగా మార్చి లోపలికి ఇచ్చాం. నీళ్లు తమ స్వభావం కొద్దీ ఒక స్థితి నించి ఇంకో స్థితికి వెళ్లాయి. కడపటి మట్టాన్ని తిరిగి మార్కులుగా చదువుకున్నాం. లాకులో నడిమి పని ఒక్కటే జరిగింది. అక్కడ పడవ దిగితే చాలు. సంఖ్యలతో ఎవరికీ పని లేదు. లాకు గదితో లెక్క చేయించుకోలేమా అంటే, కావాలంటే చేయించుకోవచ్చు. ఎవరూ అడగలేదు, అంతే.

ప్రయోగమా, లెక్కా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీసాల్లో నీళ్లు 10 దగ్గర ఆగినప్పుడు జవాబు 50 అని నమ్మారు గదా, ఎందుకు నమ్మారు? ఆ చిన్న లెక్క మీకు ముందే వచ్చు కనక! రాని లెక్క అయితే? గొట్టంలో బుడగ చిక్కుకుని నీళ్లు 11 దగ్గరే ఆగిపోతే ఎలా తెలుస్తుంది?

కాబట్టి కొత్తగా చేసిన యంత్రంతో మొదటి పదిసార్లు మీరు చేసేది లెక్క కాదు, ప్రయోగం. జవాబు తెలిసిన ప్రశ్నలు ఇచ్చి నీళ్లు నియమం తప్పకుండా నడుస్తున్నాయా అని పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలో నెగ్గితే, పదకొండోసారి జవాబు తెలియని ప్రశ్న వేసి, నీళ్లు చెప్పినదాన్ని నమ్ముతారు. అప్పుడది లెక్క. చేతిలో ఉన్న సీసాలు అవే. ప్రయోగంలో మనం అనుమానించేది నియమాన్ని. లెక్కలో నియమాన్ని నమ్మి మరొక సంగతి తెలుసుకుంటాం. క్లేర్ హార్స్‌మన్, సూసన్ స్టెప్నీ, రాబ్ వాగ్నర్, వివ్ కెండన్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు 2014లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో "భౌతిక వ్యవస్థ లెక్క చేస్తోందని ఎప్పుడనాలి?" అనే ప్రశ్న మీదే ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లు పట్టుపట్టి చెప్పిన సంగతుల్లో ఇదొకటి: నమ్మదగిన సిద్ధాంతం చేతిలో లేనప్పుడు ఆ వస్తువును కంప్యూటరు అనకూడదు.

గడుసు విద్యార్థి ఒకడు లేచి, "మా వీధిలో ఉన్న రాయి కూడా కంప్యూటరే. సగటు ఎంత అని అడిగాను. రాయి కదలకుండా ఉంది. కదలకుండా ఉంటే 50 అని నా ఒప్పందం" అన్నాడనుకోండి. వాణ్ణి ఏమనాలి? ఈ ఒప్పందంలోనే జవాబు దాగి ఉంది. లెక్క రాయి చెయ్యలేదు, కుర్రాడు మనసులో చేసి రాయి పేరు పెట్టాడు. రేపు 80, 40 ఇస్తే పాపం ఆ రాయి మళ్లీ కదలకుండానే ఉంటుంది, కుర్రాడు ఒప్పందం మార్చుకోవలసి వస్తుంది. సీసాలకు ఆ అవసరం లేదు. సెంటీమీటరుకు 5 మార్కులు అనే ఒక్క ఒప్పందంతో ఏ రెండు సంఖ్యలిచ్చినా పని జరుగుతుంది.

సగటు కోసం సీసాలెందుకు, కాగితం చాలదా అనవచ్చు. చాలు. కాని కాగితానికి లొంగని లెక్కలున్నాయి. సోవియట్ ఇంజనీరు వ్లదీమిర్ లుక్యానొవ్‌కు రైలుమార్గాల కట్టడాల్లో కాంక్రీటు ఎందుకు పగుళ్లు వేస్తోందో తెలుసుకోవలసి వచ్చింది. కాంక్రీటు లోపల వేడి ఎటు ఎంత పాకుతుందో చెప్పే సమీకరణాలను చేత్తో సాధించడం మహా కష్టం. ఆయన 1936లో మన సీసాల లాంటివే వరసగా పెట్టి గొట్టాలతో కలిపాడు. సీసాలో మట్టం ఉష్ణోగ్రతకు గుర్తు. సీసా వెడల్పు ఆ పొర ఎంత వేడి దాచుకోగలదో చెబుతుంది. గొట్టం సన్నదనం వేడికి కలిగే అడ్డంకి. ఎత్తు నించి పల్లానికి నీరు పారే తీరుకూ, వేడిచోటు నించి చల్లచోటుకు ఉష్ణం పాకే తీరుకూ సమీకరణం ఒక్కటే కావడం వల్ల నీళ్లను చూసి వేడి సంగతి చెప్పగలిగాడు. 1949లో బిల్ ఫిలిప్స్ అనే ఆయన లండనులో ఇదే పద్ధతిలో రంగునీళ్లతో ఒక దేశపు డబ్బు చలామణీని చూపించే యంత్రం కట్టాడు. డబ్బు నీళ్లలా ఖర్చయిపోతుందని మనం ఊరికే అంటాం, ఆయన నిజంగా పారించాడు!

కాకినాడ పోటు, లండను యంత్రం

ఇక మన తీరానికి వద్దాం. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు వేళ ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుంది. మురుగుకాలువల నీరు సముద్రంలోకి దిగదు. పాటు వేళ దిగుతుంది. వేటకు వెళ్లే పడవకూ, ఓడరేవులోకి వచ్చే ఓడకూ, ముంపులో ఉన్న చేలో నీరు ఎప్పుడు తీస్తుందా అని చూసే రైతుకూ పోటు వేళ తెలియాలి.

స్థూలంగా తెలుసుకోవడానికి పంచాంగం చాలు. పోటు ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. గడియ అంటే 24 నిమిషాలు గనక, తిథికి రెండు గడియల చొప్పున వెనకబడుతుందని గుర్తు పెట్టుకోండి. పదిహేను తిథులకు ముప్ఫై గడియలు, అంటే 12 గంటలు. అందుకే పౌర్ణమి నాడు ఏ వేళకు పోటు వస్తుందో, అమావాస్య నాడూ ఇంచుమించు అదే వేళకు వస్తుంది.

అయితే ఎంత ఎత్తు వస్తుంది? ఇక్కడ పంచాంగం చాలదు. చంద్రుడు నీటిని 12 గంటల 25 నిమిషాలకొకసారి లేపుతాడు. సూర్యుడు సరిగ్గా 12 గంటలకొకసారి. చంద్రుడు ఒకప్పుడు దగ్గరగా, ఒకప్పుడు దూరంగా ఉంటాడు. ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతాడు. వాటివల్ల ఇంకా ఎన్నో చిన్న అలలు. ఇవన్నీ కలిసినదే పోటు. లెక్క సులువు కోసం చంద్రుడి అల కంపన పరిమితి 50 సెంటీమీటర్లు, సూర్యుడిది 20 సెంటీమీటర్లు అనుకోండి. రెండూ ఒకే దశలో ఉన్న రోజున నీరు సగటు మట్టం మీద 70 సెంటీమీటర్లు లేస్తుంది. ఎదురు దశలో ఉంటే 30 మాత్రమే. గంటకు చంద్రుడి అల 28.98 డిగ్రీలు తిరిగితే సూర్యుడి అల 30 డిగ్రీలు తిరుగుతుంది. తేడా కాస్త హెచ్చుగా ఒక డిగ్రీ. ఆ తేడా పేరుకుని 360 డిగ్రీలు కావడానికి సుమారు 354 గంటలు, అంటే పద్నాలుగుమ్ముప్పావు రోజులు పడుతుంది. పౌర్ణమికీ అమావాస్యకూ పెద్ద పోట్లు, అష్టములకు చిన్న పోట్లు రావడంలో రహస్యం ఇదే. రెండు అలలయితే మనమూ కూడగలం. ఇరవై అలలను, ఏడాది పొడుగునా, గంట గంటకూ కూడాలంటే?

విలియం థామ్సన్ (ఈయననే తరవాత కెల్విన్ ప్రభువు అన్నారు) 1872-73లో దీనికి ఇత్తడి కప్పీలతో ఉపాయం చేశాడు. ఒక్కొక్క అలకు ఒక్కొక్క కప్పీ. పళ్లచక్రాలు తిరుగుతుంటే ప్రతి కప్పీ తన అల వేగంతో, తన అల ఎత్తుకు తగ్గట్టు పైకీ కిందికీ ఊగుతుంది. ఒకే తీగ ఒక కప్పీ మీదుగా, పక్క కప్పీ కిందుగా, ఇలా అన్నింటినీ చుట్టి పోతుంది. తీగ ఒక కొన బిగించి ఉంటుంది, రెండో కొనకు కలం కట్టి ఉంటుంది. అన్ని కప్పీల కదలికలూ తీగలో కలిసిపోయి కలాన్ని కదుపుతాయి. చేతిపిడి తిప్పుతుంటే కాగితం మీద పోటు పాట్ల గీత దానంతట అదే పడుతుంది. కూడిక చేసింది తీగ!

అలాంటి యంత్రాల్లో తొలినాటిది ఒకటి మన దేశం కోసమే తయారైంది. భారత ప్రభుత్వానికి కావాలని 1879లో ఎడ్వర్డ్ రాబర్ట్స్ రూపకల్పన చెయ్యగా లండనులో లెజే కంపెనీ కట్టింది. యంత్రం కట్టగానే సరిపోదు, ప్రతి రేవుకూ ఏ అల ఎంత ఎత్తో, ఏ దశలో ఉందో తెలియాలి. సర్వే ఆఫ్ ఇండియా తరపున బెయిర్డ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో మన తీరమంతటా రేవుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు పెట్టారు. 1880 దశకంలో విశాఖపట్నంలో, కాకినాడలో కూడా పెట్టి ఏళ్ల తరబడి కొలిచారు. ఆ కొలతల నించి ఒక్కొక్క అలనూ విడదీసి, ఆ అంకెల ప్రకారం లండనులో కప్పీలు సరిచేసి పిడి తిప్పితే, కాకినాడ రేవులో రాబోయే ఏడాది పోట్లన్నీ కొద్ది గంటల్లో కాగితం మీదికి వచ్చేవి. సముద్రమే చూడని గదిలో మన బంగాళాఖాతపు పోట్లు! యంత్రం తరవాత దెహ్రాదూన్ చేరింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న మళ్లీ వేద్దాం. కాకినాడలో సముద్రం లేచి దిగింది, లండనులో కలం లేచి దిగింది. ఏది లెక్క చేసింది? సముద్రాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా లాభం లేదు. వచ్చే అమావాస్య పోటు ఎంత అని సముద్రాన్ని అడిగితే, వచ్చే అమావాస్య దాకా ఆగమంటుంది. యంత్రం ఇవాళే చెబుతుంది. ఇత్తడికి చంద్రుడితో సంబంధం లేదు. అయినా చంద్రుడి అంకెలను దాని మీద ఎక్కించాం, అది చంద్రుడి కన్న వేగంగా తిరిగింది, గీతను మీటర్లుగా చదివాం. సీసాల్లో చూసిన మూడు పనులూ ఇక్కడ ఉన్నాయి. వీటిలో అన్నిటికన్న కష్టమైంది మొదటిదే. కాకినాడలో ఏళ్ల తరబడి కొలిచినదంతా ప్రశ్నను సరిగా అడగడానికే.

బుల్లి గోదావరి

నీళ్లను నీళ్లతోనే లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. ఆనకట్ట ఎంత వరదను తట్టుకుంటుంది, గట్టు ఎక్కడ కోసుకుపోతుంది అని తెలుసుకోవడానికి ఇంజనీర్లు నదిని చిన్నదిగా చేసి ఆరుబయట కడతారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల విద్యుత్ పరిశోధన సంస్థ ఇలాంటి నమూనాలకు ప్రసిద్ధి.

గోదావరిని నూరో వంతుకు తగ్గించామనుకోండి. నీటిని కూడా నూరో వంతే పొయ్యాలా? తొందరపడకండి. ఎత్తు నించి పడే నీటి వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఎత్తు నూరో వంతయితే వేగం పదో వంతు. వెడల్పు నూరో వంతు, లోతు నూరో వంతు, వేగం పదో వంతు. మూడింటినీ హెచ్చిస్తే ప్రవాహం లక్షో వంతు! దూరం నూరో వంతు, వేగం పదో వంతు కనక కాలం పదో వంతు. నమూనాలో 2 గంటల 24 నిమిషాలు గడిస్తే నదిలో ఒక రోజు గడిచినట్టు. ఈ లెక్కలకు మూలమైన సూత్రం ఇంగ్లండు ఇంజనీరు విలియం ఫ్రౌడ్ పేరు మీద ఉంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో పారింది. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరికకు సుమారు 17 లక్షల క్యూసెక్కులు. దానికి రెండింతల వరద కోనసీమ మీదికి వచ్చిందన్న మాట. దాన్ని నూరో వంతు నమూనాలోకి దింపాలంటే 35 క్యూసెక్కులు కావాలి. సెకనుకు ఇంచుమించు వెయ్యి లీటర్లు, ఒక మోస్తరు పిల్లకాలువ. ఊళ్లను ముంచిన వరద చెప్పులు విప్పి దాటేంత అవుతుంది.

నమూనా అబద్ధం చెప్పే చోట్లూ ఉన్నాయి. నదిని నూరో వంతు చెయ్యగలం గాని ఇసక రేణువును నూరో వంతు చెయ్యలేం. చేస్తే అది బురద అయి వేరే తీరున ప్రవర్తిస్తుంది. నీటి జిగట కూడా తగ్గదు. అందుచేత ఏ ప్రశ్నకు నమూనా జవాబును నమ్మాలో, దేనికి నమ్మకూడదో ముందే తెలిసి ఉండాలి.

రెండు తూముల తర్కం

ఇంతవరకు చూసిన యంత్రాలన్నీ మట్టాన్నీ పొడుగునూ సంఖ్యగా వాడుకున్నవే. వీటికో బలహీనత ఉంది. సీసాలో మట్టాన్ని మిల్లీమీటరుకు మించి సూక్ష్మంగా చదవలేం. ఒక సీసా తప్పు పక్క సీసాలోకి, అక్కణ్ణించి ఆ పక్క దానిలోకి పాకుతుంది.

ఇప్పుడు కాలువ తూముల్ని చూడండి. పెద్ద కాలువ నించి పంటబోదెకు ఒక తూము, బోదె నించి చేలోకి ఇంకో తూము. రెండు షట్టర్లూ ఎత్తితేనే చేలోకి నీరు వస్తుంది. ఒకటి మూసినా రాదు. అదే చేనికి రెండు బోదెల నించి విడివిడిగా తూములుంటే, ఏ ఒక్కటి ఎత్తినా నీరు వస్తుంది. మొదటిది "ఇదీ అదీ", రెండోది "ఇది గాని అది గాని". ఎంత నీరు వచ్చిందని అడగం, వచ్చిందా, రాలేదా? వస్తే 1, రాకపోతే 0. నీరు రెండంగుళాలు తగ్గినా హెచ్చినా జవాబు మారదు. తప్పు అక్కడికక్కడే ఆగిపోతుంది, పాకదు. నేటి కంప్యూటర్ల బలమంతా ఇందులో ఉంది.

అయితే మన తూములు ఎత్తడానికి లస్కరు రావాలి. లస్కరుతో పని లేకుండా, ఈ బోదెలో పారిన నీరే పక్క తూము షట్టరును ఎత్తేలా లేక దించేలా అమర్చామనుకోండి. అప్పుడు ఒక జవాబు ఇంకో ప్రశ్న అవుతుంది, దాని జవాబు మరో ప్రశ్న. అలాంటి తూములు తగినన్ని కలిపితే కూడికేమిటి, ఏ లెక్కయినా చెయ్యవచ్చు. ట్రాన్సిస్టరు చేసేది అక్షరాలా ఇదే. విద్యుత్తు పారే దారిలో విద్యుత్తే ఎత్తే షట్టరు అది. గోరంత చిప్పు మీద అటువంటివి వందల కోట్లు అమరుతున్నాయి. నీళ్లతో కట్టినా లెక్క అదే వస్తుంది. కాకపోతే ఒక కూడికకు కోనసీమ అంతా తవ్వవలసి రావచ్చు!

కప్పీల యంత్రంలో లేనిది

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానును పెద్దవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. ఆ ఏడు దీపావళి నవంబరు 10న వచ్చింది. అంటే తుపాను రోజుకు అమావాస్య ఇంకా నాలుగైదు రోజుల దూరంలో ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అవి చిన్న పోట్ల రోజులు. కెల్విన్ యంత్రాన్ని అడిగితే ఆ రాత్రికి సముద్రం శాంతంగా ఉంటుందనే చెప్పేది. దాని కూడికలో తప్పు లేదు. గాలికి అందులో కప్పీ లేదు.

తుపాను కేంద్రంలో గాలి పీడనం పడిపోతుంది. ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. అది చిన్న భాగమే. పెనుగాలి నీటిని లోతులేని తీరం మీదికి నెట్టుకురావడం పెద్ద భాగం. ఇది ఏ చంద్రుడి వేళకూ కట్టుబడదు. కనక నిలకడగా ఊగే అలలుగా దీన్ని విడదీయడం కుదరదు. సముద్రాన్ని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో లోతెంత, గాలి ఎంత, నీరు పక్క గడిలోకి ఎంత పోతోంది అని క్షణక్షణానికీ లెక్క కట్టాలి. చూశారా, ఇవి మళ్లీ మన సీసాలూ గొట్టాలే. కాకపోతే సీసాలు లక్షల్లో ఉన్నాయి, వాటిని ఇప్పుడు 0, 1 తూములతో కడుతున్నారు. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం మన తీరానికి ఈ ఉప్పెన లెక్కలు కడుతోంది.

ఆ కంప్యూటర్లు కూడికలో పొరపాటు పడవు. కాని తుపాను తీరం దాటేది ఉప్పాడ దగ్గరా, అంతర్వేది దగ్గరా అన్నది వాటికి మనం ఇవ్వవలసిన అంకె. అది యాభై కిలోమీటర్లు తప్పితే ఉప్పెన వేరే ఊరి మీద పడినట్టు జవాబు వస్తుంది. అందుచేత పోటు భాగాన్ని ఏడాది ముందే అచ్చువేసి పెట్టుకుని, గాలి భాగాన్ని తుపాను కదులుతున్న కొద్దీ కొత్త కొలతలతో మళ్లీ మొదటి నించి లెక్క కట్టి, ఆ వేళ పోటో పాటో చూసి రెండింటినీ కలుపుతారు.